పాస్తాకు బిగి, కైమా ఉండకు మెత్తదనం

"కొవ్వు తగ్గుతుందని మటన్ మానేసి చికెన్ బ్రెస్ట్ కైమాతో మీట్‌బాల్స్ చేస్తున్నాను. ప్రతిసారీ రబ్బరు బంతుల్లా వస్తున్నాయి. ఇంకో గుడ్డు వేసి, ఇంకాస్త ఎక్కువసేపు కలిపితే బాగుపడతాయా?" అని ఒక పాఠకురాలు అడిగారు. బాగుపడవు, ఇంకా గట్టిపడతాయి. ఇదంతా మయోసిన్ అనే ప్రోటీన్ చేసే పని. కైమా ఉండ మెత్తగా వస్తుందా, బిరుసుగా వస్తుందా అన్నది మసాలా కన్నా, మంట కన్నా ముందు మయోసినే తేలుస్తుంది. వంటల పుస్తకాలేమో ఇంత ముఖ్యమైన సంగతిని "బాగా కలపాలి" అన్న రెండు మాటలతో దాటేస్తాయి. ఎంతసేపు కలపాలో, ఎప్పుడు ఆపాలో చెప్పవు.

ముందు కొవ్వు లెక్క చూద్దాం. స్పగెట్టి మీద పెద్ద పెద్ద మీట్‌బాల్స్ పెట్టి వడ్డించడం ఇటలీ నుంచి అమెరికాకు వలస వెళ్లినవాళ్లు అక్కడ స్థిరపరచిన వంట. ఇటలీలో ఈ ఉండల్ని పోల్పెత్తే అంటారు, ఎక్కువగా విడిగానే తింటారు. అబ్రుజ్జో ప్రాంతంలోని తెరామోలో మాత్రం శనగగింజంత ఉండలు చేసి పాస్తాలో కలుపుతారు. అమెరికా పద్ధతిలో సాధారణంగా వాడే కైమాలో 20 శాతం కొవ్వు ఉంటుంది. అరకిలోకు 100 గ్రాములు, అంటే కొవ్వు నుంచే 900 కేలరీలు. ఆపైన నూనెలో వేయించడం. తోలు తీసిన కోడి తొడ మాంసంలో 100 గ్రాములకు కొవ్వు నాలుగైదు గ్రాములే, బ్రెస్ట్‌లో మూడు కూడా ఉండదు. అమెరికాలో ఉంటున్న మనవాళ్లకు 93 శాతం లీన్ (అంటే కొవ్వు ఏడు శాతమే) అని రాసి ఉండే టర్కీ కైమా సులువుగా దొరుకుతుంది, అదీ ఈ కోవలోకే వస్తుంది.

అయితే ఆ 20 శాతం కొవ్వు ఊరికే లేదు, ఒక పని చేస్తోంది. దాన్ని తీసేసి, ఆ పనిని ఇంకెవరికీ అప్పజెప్పకపోవడమే అసలు తప్పు. ఆ పనేమిటో చూడాలంటే కండరం లోపలికి వెళ్లాలి.

మాంసంలో ముప్పాతిక వంతు నీరు, సుమారు ఐదో వంతు ప్రోటీన్. ఆ ప్రోటీన్లలో అన్నిటికన్నా ఎక్కువగా ఉండేది మయోసిన్. ఒక్కో అణువు పొడవు సుమారు 150 నానోమీటర్లు. దానికి రెండు తలలు, ఒక పొడవాటి తోక. ఇలాంటివి వందలకొద్దీ తోకలు కలుపుకుని ఒక మందపాటి పోగుగా అమరి ఉంటాయి. ప్రాణమున్నప్పుడు ఈ తలలు పక్కనున్న యాక్టిన్ పోగుల్ని పట్టి లాగితేనే కండరం ముడుచుకుంటుంది. ఈ మందపాటి పోగు మామూలు నీళ్లలో కరగదు, ఉప్పునీళ్లలో కరుగుతుంది. ఉప్పులోని క్లోరైడ్ అయాన్లు పోగును అంటుకుని దాని ఋణావేశాన్ని పెంచుతాయి. ఒకే ఆవేశం ఉన్నవి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి కాబట్టి పోగు ఉబ్బుతుంది, చివరికి విడిపోతుంది. మయోసిన్ అణువులు విడివిడిగా బయటికొస్తాయి. చేత్తో పిసకడం ఈ పనిని వేగిరపరుస్తుంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. అరకిలో కైమాలో నీరు సుమారు 375 గ్రాములు. అందులో 10 గ్రాముల ఉప్పు కలిపితే ఆ నీటిలో ఉప్పు గాఢత 0.45 మోలార్ (ద్రావణం గాఢతకు రసాయన శాస్త్రంలో వాడే కొలత) దాకా చేరుతుంది. మాంసంలో స్వతహాగా ఉండే లవణాలు కూడా తోడైతే 0.6కు దగ్గరవుతుంది. ప్రయోగశాలలో కండరం నుంచి మయోసిన్‌ను రాబట్టడానికి వాడే లవణ ద్రావణాల గాఢత ఇంచుమించు ఇంతే! అంటే కైమాకు రెండు శాతం ఉప్పు పట్టించి పది నిమిషాలు పిసికితే వంటింట్లో మయోసిన్‌ను వెలికితీస్తున్నట్టే. ఉప్పు 5 గ్రాములకు తగ్గిస్తే మనం వేసిన ఉప్పు గాఢత సగమవుతుంది, కరిగే మయోసిన్ బాగా తగ్గుతుంది.

బయటికొచ్చిన మయోసిన్‌ను కంటితో గుర్తుపట్టొచ్చు. కైమా రంగు కాస్త తెల్లబారుతుంది, గింజగింజగా ఉన్నది ముద్దగా మారుతుంది, వేళ్లకు జిగురు అంటుకుంటుంది. చిన్న ముద్దను రెండుగా లాగితే మధ్యలో సన్నటి తీగలు సాగుతాయి. పొయ్యి మీదికెక్కాక 50 డిగ్రీల దగ్గర ఈ అణువులు విప్పుకుని ఒకదానికొకటి అతుక్కుని వలలా గట్టిపడతాయి. నొక్కితే తిరిగి ఎగిరే ఆ సాగుదనం ఈ వలదే. కశ్మీరీ విందు భోజనం వాజ్వాన్‌లోని రిస్తా, గుష్తాబా ఉండలకు మాంసాన్ని చెక్క సుత్తితో పేస్టు అయ్యేదాకా బాదేది ఈ వల కోసమే. చైనా, ఆగ్నేయాసియా దేశాల ఫిష్‌బాల్స్ ఎగిరిపడేలా ఉండటమూ, సాసేజ్ ముక్క కొరికితే టక్కుమని తెగడమూ దీనివల్లే. అక్కడ అది కావాలని తెచ్చుకున్న గుణం. పోల్పెత్తే ఫోర్కుతో తాకితే విడిపోవాలి, అందుకే ఇక్కడ అదే గుణం లోపమవుతుంది.

మయోసిన్ వలకు నీటిని పట్టి ఉంచే గుణం కూడా ఉంది. అందువల్ల దాన్ని పూర్తిగా వద్దనుకోలేం. అసలు ఉప్పు వేయకుండా, కలపకుండా ఉండలు చేస్తే అవి సాస్‌లో విచ్చిపోతాయి, రసమూ కారిపోతుంది. 60 డిగ్రీలు దాటాక కండరాన్ని కట్టి ఉంచే కొలాజెన్ అనే ప్రోటీన్ ముడుచుకుంటుంది, 70 నుంచి 80 మధ్య యాక్టిన్ గట్టిపడుతుంది. ఆ దశలో మాంసం తడిగుడ్డను పిండినట్టు తన నీటిని తానే పిండేసుకుంటుంది. కాబట్టి మనకు కావలసింది అక్కడక్కడా తెగిన వల. కొవ్వు చేస్తున్న పని ఇదే. కరిగిన కొవ్వు ముక్కలు వల మధ్య అడ్డుపడి దాన్ని ఒకే ముద్దగా బిగవనివ్వవు. కొవ్వు తీసేశామంటే ఆ అడ్డు పోయింది, అందుకే బ్రెస్ట్ కైమా బంతి అవుతోంది.

ఆ అడ్డుగా ఏం పెట్టాలి? పాలలో నానబెట్టిన బ్రెడ్డు. 60 గ్రాముల బ్రెడ్డు, అంటే సుమారు రెండు స్లైసులు, 90 మిల్లీలీటర్ల పాలలో పది నిమిషాలు నానబెట్టి ముద్ద ముద్దగా మెదపాలి. బ్రెడ్డు తయారీలోనే ఉడికిపోయిన పిండిపదార్థం నీటిని గట్టిగా పట్టి ఉంచుతుంది, మయోసిన్ పోగుల మధ్య దూరి వాటిని కలవనివ్వదు. పొడి బ్రెడ్ క్రంబ్స్ అలాగే వేస్తే మాత్రం పని చెడుతుంది, అవి ముందు మాంసంలోని తడినే పీల్చుకుంటాయి. మన ఇళ్లలో కైమా ఉండల్లో పుట్నాల పొడి వేయడం ఇదే సూత్రం మీద నడుస్తుంది, పొరపాటూ అక్కడే జరుగుతుంది. 40 గ్రాముల పుట్నాల పొడిని 70, 80 మిల్లీలీటర్ల నీళ్లతో ముద్ద చేసి వేస్తే ఉండ తేడా కొరికిన వెంటనే తెలుస్తుంది.

రెండో అడ్డు పుట్టగొడుగులు. వాటి కణాల గోడల్లో ఉండే కైటిన్ వేడికి కరగదు, ఎంత ఉడికినా ముక్క ముక్కగానే నిలబడుతుంది. పైగా వాటిలో సహజంగా ఉండే గ్లుటామేట్ అనే రుచి పదార్థం వల్ల మాంసం రుచిని పెంచుతాయి. 150 గ్రాముల బటన్ మష్రూమ్‌లను సన్నగా తరిగి, నూనె లేకుండా పెనం మీద నీరంతా ఇగిరేదాకా వేయించి చల్లార్చండి. పచ్చివి వేస్తే వాటిలో 90 శాతం నీరే కాబట్టి ఉండ లోపల ఉడికి, నీళ్లొదిలి, పగుళ్లిస్తుంది. పచ్చి ఉల్లిపాయతోనూ ఇదే ఇబ్బంది, దాన్నీ ఒక చెంచా నూనెలో మగ్గించాకే వేయాలి.

ఇక వరస. అంతా వరసలోనే ఉంది. మనకు కైమాలో ముందే ఉప్పు, అల్లంవెల్లుల్లి పట్టించి అరగంట ఊరబెట్టే అలవాటు. ముక్కల కూరకు అది మంచిదే, ఈ ఉండలకు మాత్రం చేటు. ఆ అరగంటా ఉప్పు మయోసిన్‌ను కరిగిస్తూనే ఉంటుంది. పచ్చి అల్లంలో ప్రోటీన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్ కూడా ఉంటుంది, అది కైమా పైపొరను పేస్టులా చేస్తుంది. అందుకని ముందు వెడల్పాటి గిన్నెలో బ్రెడ్డు ముద్ద, మష్రూమ్‌లు, ఉల్లిపాయ, నూరిన వెల్లుల్లి రెండు రెబ్బలు, కొత్తిమీర, అరచెంచా మిరియాల పొడి, 5 గ్రాముల ఉప్పు, ఒక గుడ్డు వేసి శుభ్రంగా కలిపేయండి. ఎంత కలపాలన్నా ఇప్పుడే, మాంసం ఇంకా పడలేదు. ఆ తర్వాత ఫ్రిజ్‌లోంచి తీసిన 500 గ్రాముల చికెన్ తొడ కైమా విదిలించి, వేళ్లు విడివిడిగా పెట్టి నిమిషం లోపు కలపండి. ముద్ద లాగితే తీగలు మొదలవుతున్నట్టు కనిపించిన క్షణంలో చేయి తీసేయాలి. ఒకటికి మించి గుడ్లు వద్దు. గుడ్డులోని ప్రోటీన్ కూడా గట్టిపడే వలే, రెండో గుడ్డుతో ఉండ మెత్తబడదు, బిగుస్తుంది.

కైమాను ఇంట్లోనే కొట్టుకుంటే మిక్సీతో జాగ్రత్త. తెల్లటి నరాలు తీసి, ముక్కల్ని అరగంట ఫ్రీజర్‌లో పెట్టి అంచులు గట్టిపడ్డాక, 150 గ్రాముల చొప్పున ఐదారుసార్లు టక్ టక్‌మని ఆపుతూ తిప్పాలి. అలా వదిలేస్తే ఇరవై సెకన్లలో పేస్టు అవుతుంది. పేస్టు అయిందంటే ఇక మీరేం చేసినా అది గుష్తాబా దారిలోనే ఉంది.

తడిచేత్తో 30 గ్రాముల ఉండలు చుట్టండి. ఒక్కోటీ నాలుగు సెంటీమీటర్లకు కాస్త తక్కువ ఉంటుంది, మొత్తం పాతికకు పైగా వస్తాయి, నలుగురికి సరిపోతాయి. చుట్టగానే కాల్చాలి. ఓవెన్ ఉంటే 220 డిగ్రీల్లో 12 నుంచి 14 నిమిషాలు. లేకపోతే గుంతపొంగనాల పెనం దీనికోసమే చేసినట్టుంటుంది. గుంతకు అయిదారు చుక్కల నూనె చాలు, ఉండ గుండ్రంగానే ఉండి, చుట్టూ రంగు తిరుగుతుంది. పైన కాలిస్తే రసం లోపలే బందీ అవుతుందని చాలామంది నమ్ముతారు. 1847లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ ప్రచారంలోకి తెచ్చిన ఊహ అది. తర్వాత తూకం వేసి చూస్తే కాల్చిన మాంసం కూడా నీరు కోల్పోతూనే ఉందని తేలింది. అయినా వంటల తరగతుల్లో ఇప్పటికీ ఇదే పాఠం చెబుతున్నారు, మానుకుంటే మంచిది. కాల్చేది రుచి కోసం, పైపొర 140 డిగ్రీలు దాటినప్పుడు ప్రోటీన్లు, చక్కెరలు కలిసి రంగునూ రుచినీ ఇచ్చే మెయిలార్డ్ చర్య కోసం. తర్వాత ఉండల్ని టమాటా సాస్‌లో వేసి మూతపెట్టి, చిన్నగా బుడగలొచ్చే మంట మీద ఎనిమిది నిమిషాలు ఉంచాలి. సాస్ తెర్లకూడదు. లోపల 74 డిగ్రీలు రావాలి, కోడి కైమా విషయంలో దీనికి మినహాయింపు లేదు. కైమా కొట్టినప్పుడు పైనున్న సాల్మొనెల్లా లాంటి సూక్ష్మజీవులు లోపలంతా కలిసిపోతాయి. రంగు చూసి ఉడికిందనుకోకండి, ముల్లు గుచ్చే థర్మామీటర్ కొనుక్కోండి. 74 దగ్గర దించినదానికీ 85 దాకా ఉడికినదానికీ మెత్తదనంలో చాలా తేడా ఉంటుంది.

టమాటా సాస్ గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. 800 గ్రాముల పండిన టమాటాలు, ఒక పెద్ద చెంచా నూనె, వెల్లుల్లి, అరగంట. మన టమాటాల పులుపు విరవడానికి పంచదార బదులు తురిమిన క్యారెట్ ఒకటి వేయండి. నూనె పూర్తిగా మానేయవద్దు, టమాటాకు ఎర్రరంగునిచ్చే లైకోపీన్ ఒంటికి పట్టాలంటే కాస్త కొవ్వు ఉండాలి.

పాస్తాలో కథ తలకిందులవుతుంది. ఉండలో వల బిగవకుండా ఆపాం, ఇక్కడ వల బిగవాలి. ఇక్కడి వల గ్లూటెన్, తడిపిన గోధుమపిండిలోని ప్రోటీన్లు అల్లుకునే వల. పాస్తా చేసేది డ్యూరమ్ గోధుమతో, మన కొట్లలో దొరికే బన్సీ రవ్వ అదే. ఇటలీలో ఎండు పాస్తా డ్యూరమ్‌తోనే చేయాలని 1967 నుంచి చట్టముంది. చపాతీ గోధుమలో 42 క్రోమోజోములు, A, B, D అనే మూడు జీనోములు (జన్యువుల సెట్లు) ఉంటాయి. డ్యూరమ్‌లో 28 మాత్రమే, D జీనోము లేదు. పిండికి సాగి వెనక్కి లాగే గుణమిచ్చే గ్లుటెనిన్ (గ్లూటెన్‌లోని ఒక ప్రోటీన్) తాలూకు ముఖ్యమైన జన్యువులు కొన్ని ఆ D లోనే ఉన్నాయి. అందుకే డ్యూరమ్ ముద్ద వెనక్కి లాక్కోకుండా నొక్కిన ఆకారంలో నిలుస్తుంది. ఆరోగ్యమని చపాతీ పిండితో చేస్తే నీళ్లలో జిగటగా విడిపోతుంది. రాతి మరలో పిండిరేణువులు దెబ్బతిని నీరెక్కువ తాగుతాయి, తవుడు ముక్కలు గ్లూటెన్‌ను కోస్తాయి.

నలుగురికి 300 గ్రాముల సన్న బన్సీ రవ్వ, 145 మిల్లీలీటర్ల గోరువెచ్చటి నీళ్లు. గుడ్డు అక్కర్లేదు. రవ్వ లావుగా ఉంటే మిక్సీలో ఒకసారి తిప్పి జల్లించండి. మొదట్లో ఇసుకలా రాలిపోతుంది, కంగారుపడి నీళ్లు పోయకండి, రవ్వకు తడి ఎక్కడానికి టైము పడుతుంది. పది నిమిషాలు మర్దించి, తడిగుడ్డ కప్పి అరగంట వదిలేయాలి. తర్వాత చిటికెనవేలంత తాడుగా చుట్టి, రెండు సెంటీమీటర్ల ముక్కలు కోసి, ఒక్కోదాన్ని బొటనవేలితో నొక్కి ముందుకు లాగితే గవ్వలా చుట్టుకుంటుంది. దక్షిణ ఇటలీలో దీన్ని కవతెల్లి అంటారు. మనకు తీపి గవ్వలు చేసిన చేయి చాలు. లీటరు నీటికి 7 గ్రాముల ఉప్పుతో రెండు లీటర్ల నీళ్లు మరిగించి వేయండి. నాలుగు నిమిషాల నుంచి ఒక్కోటి కొరికి చూస్తూ, మధ్యలో కాస్త పలుకు ఉండగానే తీసేయాలి. కొన్న పాస్తా అయితే మనిషికి 75 గ్రాములు, పొట్లం మీద డ్యూరమ్ వీట్ సెమోలినా అని ఉండాలి.

ఆ పలుకులోనే ఆరోగ్యం ఉంది. టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం 1981లో గ్లైసీమిక్ ఇండెక్స్ అనే కొలమానం ప్రవేశపెట్టింది, తిన్నది రక్తంలో చక్కెరను ఎంతగా పెంచుతుందో అది చెబుతుంది. అందులో తెల్ల బ్రెడ్డు 70 దాటితే, అదీ గోధుమతోనే చేసే స్పగెట్టి 50 దగ్గరే ఉంటుంది. పాస్తాలో గాలి బుడగలు లేవు. పిండిరేణువుల చుట్టూ గ్లూటెన్ బిగుసుకుని ఉంటుంది, పిండిని చక్కెరగా విడగొట్టే అమైలేజ్ ఎంజైమ్ ఆ గోడను దాటుకుంటూ మెల్లగా వెళ్లాలి. ఎక్కువ ఉడికిస్తే రేణువులు ఉబ్బి గోడ తెగుతుంది, చక్కెర త్వరగా రక్తంలోకి దిగుతుంది. చేత్తో చేసినది మరలో ఒత్తిడితో తీసిన ఎండు పాస్తా అంత దట్టంగా ఉండదు కాబట్టి దీన్ని మరింత జాగ్రత్తగా ఉడికించాలి. ఇండెక్స్ తక్కువ కదా అని పళ్లెం నిండా తినకూడదు. 75 గ్రాముల ఎండు పాస్తాలో పిండిపదార్థాలు 50 గ్రాములకు పైనే.

ఉడికించిన నీళ్లు పారబోయకండి. ఒక గరిటెడు నీళ్లు, పాస్తా సాస్‌లో వేసి పెద్ద మంట మీద నిమిషం తిప్పితే, ఆ నీళ్లలోకి దిగిన పిండి నూనె బిందువుల్ని విడిపోకుండా పట్టుకుంటుంది. క్రీమ్, వెన్న అక్కర్లేకుండానే సాస్ చిక్కబడి పాస్తాకు పట్టుకుంటుంది. ఉడికే నీళ్లలో నూనె పోస్తే అతుక్కోదన్న మాట నమ్మకండి, నూనె పైన తేలుతుంది, కింద పాస్తా దాని పాటికది అతుక్కుంటుంది. వేసిన తొలి నిమిషంలో రెండుసార్లు కలిపితే చాలు.

మిగిలితే ఉండల్ని సాస్‌తో, పాస్తాను విడిగా ఫ్రిజ్‌లో పెట్టండి, మూడు రోజులు నిలవుంటాయి. కలిపి పెడితే తెల్లారేసరికి పాస్తా సాసంతా తాగి ముద్దవుతుంది.