దోమ లార్వాలపై బాక్టీరియా: నెగెవ్ నీటిగుంట నుంచి కొచ్చి మురుగు కాలువల దాకా

1976లో మన దేశంలో నమోదైన మలేరియా కేసులు 64 లక్షలు దాటాయి. 1953లో మొదలైన జాతీయ నియంత్రణ కార్యక్రమం 1958లో నిర్మూలన కార్యక్రమంగా మారి, 1960ల మధ్య నాటికి కేసులను లక్ష దరిదాపులకు దించిన తరువాత తగిలిన ఎదురుదెబ్బ అది. కారణాలు పలు రకాలే అయినా, డీడీటీని తట్టుకునే శక్తిని దోమలు సంతరించుకోవడం వాటిలో ముఖ్యమైనది. సరిగ్గా అదే ఏడాది ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో, ఎండిన వాగులో మిగిలిన ఒక చిన్న నీటిగుంటలో యోయెల్ మార్గలిత్, లియొనార్డ్ గోల్డ్‌బర్గ్ అనే శాస్త్రవేత్తలకు చచ్చి తేలుతున్న క్యూలెక్స్ అనే రకం దోమ లార్వాలు కనిపించాయి. అక్కడి నమూనాల నుంచి వేరుచేసిన బాక్టీరియాకు 1978లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన హ్యూగెట్ ద బార్జాక్ బాసిల్లస్ తురింజియెన్సిస్ ఇజ్రాయెలెన్సిస్ అని పేరు పెట్టారు. వాడుకలో దాన్ని బీటీఐ అంటున్నారు.

ఈ జాతి అప్పటికి కొత్తదేమీ కాదు. పట్టుపురుగులకు సోకే ఒక తెగులును పరిశీలిస్తూ 1901లో జపాన్‌లో ఇషివాటా దీన్ని గుర్తించారు. తరువాత జర్మనీలోని తురింజియాలో పిండిని పాడుచేసే చిమ్మట నుంచి బెర్లినర్ వేరుచేసి, ఆ ప్రాంతం పేరే పెట్టారు. మన రైతులకు తెలిసిన బీటీ పత్తిలోని జన్యువు కూడా ఈ జాతిదే, కాకపోతే వేరే ఉపజాతిది. అప్పటిదాకా ఇది ప్రధానంగా పంటలను తినే గొంగళిపురుగుల పనిపట్టేదిగానే పేరుపొందింది. దోమలపైనా ఇంత బలంగా పనిచేసే ఉపజాతి ఉంటుందని నెగెవ్ గుంటే తెలియజెప్పింది.

బాక్టీరియా సిద్ధబీజంగా, అంటే గట్టి పొరతో నిద్రాణంగా ఉండే రూపంగా, మారే దశలో తన కణంలోనే ప్రోటీన్ స్ఫటికాలను తయారుచేస్తుంది. నీటిలోని సన్నని రేణువులను వడగట్టి తినే లార్వా ఆ స్ఫటికాలను కూడా మింగుతుంది. దాని పేగులోని క్షారగుణానికి అవి కరిగి, ఎంజైముల వల్ల విషాలుగా మారి, పేగు గోడకు రంధ్రాలు చేస్తాయి. సాధారణంగా ఒక రోజు తిరిగేసరికి లార్వా చనిపోతుంది. మన కడుపులో ఆమ్లం ఉంటుంది, ఆ విషాలు అతుక్కోవలసిన గ్రాహకాలు, అంటే కణాల పైనుండే అతుకు స్థానాలు, ఉండవు. అందుకే తాగునీటి తొట్లలో సైతం నిర్దేశిత మోతాదులో దీని వాడకాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుమతిస్తుంది. లార్వా తరువాతి దశలో ఉండి ఆహారం తీసుకోని ప్యూపాల మీద మాత్రం ఇది పనిచేయదు. కాబట్టి చల్లే సమయం తప్పితే మందు వృథా అయినట్టే.

దీనికి అసలు పరీక్ష ఎదురైంది దోమల వల్ల కాదు, పశ్చిమాఫ్రికా నదుల్లో పెరిగే నల్ల ఈగల వల్ల. వాటి కాటుతో వ్యాపించే నదీ అంధత్వాన్ని అరికట్టేందుకు 1974లో మొదలైన అంతర్జాతీయ కార్యక్రమం టెమెఫోస్ అనే రసాయనాన్ని వారం వారం విమానాలతో నదుల్లో చల్లించింది. 1980 నాటికి ఈగలు దాన్ని తట్టుకోవడం మొదలుపెట్టాయి. అప్పుడు బీటీఐని రంగంలోకి దింపారు. నదిలో ప్రవాహం ఎక్కువైతే మోయలేనంత మందు కావాలి కనుక, నీరు తగ్గిన కాలంలో దీన్ని, వరద కాలంలో రసాయనాలను మార్చి మార్చి వాడుతూ 2002 చివరి దాకా కార్యక్రమాన్ని నడిపించారు. జర్మనీలో ఎగువ రైన్ తీరపు పట్టణాలూ గ్రామాలూ 1976లో ఉమ్మడిగా ఏర్పరచుకున్న సంఘం 1980ల ఆరంభం నుంచి బీటీఐనే నమ్ముకుంది. అక్కడ ముందుగా నీటిని ముంచి లార్వాలను లెక్కించి, అవసరమున్న చోటే హెలికాప్టరుతో చల్లుతారు. నా దృష్టిలో ఆ విజయంలో బాక్టీరియాకు ఎంత వాటా ఉందో ఈ లెక్కింపు క్రమశిక్షణకూ అంతే ఉంది.

అలాగని ఆక్షేపణలు లేకపోలేదు. ఫ్రాన్స్‌లోని కమార్గ్ చిత్తడి నేలల్లో 2006 తరువాత చల్లిన చోట్ల, దోమలకు దగ్గరి బంధువులైన కైరోనొమిడ్ కీటకాలు తగ్గాయనీ, వాటిని తినే పక్షుల సంతతి కూడా తగ్గిందనీ 2010లో ఒక అధ్యయనం తెలిపింది.

మన దేశంలో కథ మరో బాక్టీరియాతో ముడిపడింది. బాసిల్లస్ స్ఫేరికస్ మురుగునీటిలో బీటీఐ కంటే ఎక్కువ రోజులు నిలుస్తుంది. బోదకాలును వ్యాపింపజేసే క్యూలెక్స్ దోమ పెరిగేది ఆ నీటిలోనే కనుక అది సహజమైన ఎంపికగా కనిపించింది. అయితే కేరళలోని కొచ్చిలో పదేపదే చల్లిన చోట క్యూలెక్స్ లార్వాలు దానికి భారీ స్థాయిలో నిరోధకత పెంచుకున్నట్టు 1995లో వెల్లడైంది. స్ఫేరికస్‌లోని ప్రధాన విషం రెండు భాగాలు కలిసి ఒకే గ్రాహకాన్ని పట్టుకుని పనిచేస్తుంది. లార్వాలో ఆ ఒక్కటి మారితే చాలు, విషం విఫలమవుతుంది. బీటీఐలో అనేక విషాలు కలిసి పనిచేస్తాయి, అందులో సైట్ అనే ప్రోటీన్ మిగిలినవాటికి నిరోధకత రాకుండా అడ్డుపడుతుంది. దశాబ్దాల వాడకం తరువాత కూడా క్షేత్రస్థాయిలో దానికి పెద్ద నిరోధకత కనిపించకపోవడానికి ఇదే వివరణ. తరువాతి కాలంలో రెండింటినీ ఒకే గుళికలో కలిపిన ఉత్పత్తులు రావడం వెనుక ఉన్న తర్కమూ ఇదే.

పుదుచ్చేరిలోని ఐసీఎంఆర్ కీటకవాహక పరిశోధన కేంద్రం దేశీయంగా బీటీఐ రకాన్ని వేరుచేసి, తయారీ పరిజ్ఞానాన్ని సంస్థలకు అందించింది. అంటే సరుకు కోసం విదేశాల వైపు చూడవలసిన పని లేదు. అయినా మన పట్టణాల్లో దోమల నివారణ అనగానే గుర్తొచ్చేది పొగ యంత్రమే. అది వీధిలోకి వస్తే ఓటరుకు కనిపిస్తుంది, వినిపిస్తుంది కూడా. కాలువలో చల్లిన బీటీఐ అలా కనిపించదు, పైగా మురికి నీటిలోనూ ఎండకూ దాని ప్రభావం త్వరగా తగ్గుతుంది కనుక ఒకటి రెండు వారాలకొకసారి మళ్లీ చల్లాలి. పొగ ఎగిరే దోమలను మాత్రమే చంపుతుంది. మరుసటి వారం ఎగరబోయే దోమలు అప్పటికి ఆ కాలువలోనే లార్వాలుగా ఉంటాయి.