రుషికొండ దాటాక: విశాఖ–భీమిలి తీరంలో ఒకే రాయి, పలు వేషాలు

విశాఖ చూడ్డానికి వచ్చేవాళ్లలో చాలామంది ఆర్కే బీచ్, సబ్‌మెరైన్, కైలాసగిరి చూసుకుని రుషికొండ దగ్గర వెనక్కి తిరిగేస్తారు. అక్కడి నుంచి భీమిలి దాకా బీచ్ రోడ్డు మీద ఒక బౌద్ధారామం, ఒక శిలాతోరణం, ఎర్రమట్టి దిబ్బలు, నల్ల ఇసుక చారలు ఉన్నాయి. ఒకదానికొకటి పొంతన లేనట్టు కనిపించినా, వీటిలో చాలావాటి వెనక ఉన్నది ఒకే రాయి. దాని పేరు ఖొండలైట్.

తూర్పు కనుమల్లోని ఖోండు గిరిజనుల పేరు మీద టి.ఎల్. వాకర్ అనే భూవిజ్ఞాని 1902లో ఈ పేరు పెట్టాడు. ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న బంకమన్నే ఈ రాయికి మూలం. సుమారు 100 కోట్ల సంవత్సరాల కిందట అది భూమి లోపల 20 కిలోమీటర్లకు మించిన లోతుకు దిగి, 800 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో ఉడికి, కొత్త ఖనిజాలుగా మారింది. పది రెట్ల భూతద్దం పెట్టి చూస్తే గాజులా మెరిసేది క్వార్ట్జ్, ఎరుపు గోధుమ రంగు గుండ్రటి గింజ గార్నెట్, సన్నటి సూదుల్లాంటిది సిల్లిమనైట్. తెల్లగా పిండిలా రాలేది ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం కుళ్లి మట్టిగా మారిన భాగం. కొత్తగా పగిలిన రాయిని వెతికి చూడాలి. పాత ముఖం మీద తుప్పు రంగు తప్ప ఏమీ తెలియదు.

వేడి, వాన, ఉప్పు గాలి తగిలే చోట ఈ రాయి తొందరగా అరుగుతుంది. కోణార్క్ ఆలయ శిల్పాలు మొద్దుబారిపోవడానికి ఒక కారణం అదే. అక్కడా ఎక్కువగా వాడింది ఖొండలైటే. అయితే అరిగే రాయి ఉలికి కూడా లొంగుతుంది. నగరానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, సముద్రమట్టానికి 128 మీటర్ల ఎత్తున ఉన్న తొట్లకొండ మీద బౌద్ధ భిక్షువులు కొండరాతిలోనే నీటి తొట్లు తొలిచారు. కొండ మీద బావి తవ్వే వీలు లేదు కాబట్టి వాన నీటిని ఏడాదంతా నిలవ చేసుకోవాలి. 1976లో నౌకాదళం చేసిన విమాన సర్వేలో బయటపడ్డ ఈ ఆరామంలో 1988 నుంచి 1993 దాకా తవ్వకాలు జరిగాయి. శాతవాహన నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయి. స్తూపం చూసి దిగిపోకుండా తొట్ల అంచుల్లో రాతి పొరలు ఎటు వాలాయో, పగుళ్లు ఎక్కడున్నాయో గమనించండి. నీరు తప్పించుకుపోయే దారులు అవే.

కొండ దిగి రోడ్డు దాటితే మంగమారిపేట తీరంలో శిలాతోరణం ఉంది. రాతిలోని బలహీనమైన పగుళ్లను అలలు పట్టుకుని లోపలికి తొలుస్తూ పోతే రెండు వైపులా ఖాళీ కలిసి ఇలా కమాను మిగులుతుంది. పైకెక్కి ఫోటోలు దిగడం ఇక్కడ మామూలైపోయింది, కానీ అలల కోత ఆగలేదు, కమాను బలం రోజురోజుకీ తగ్గేదే. చుట్టూ ఉన్న రాతి గుంటల్లో పీతలు, నత్తలు, సముద్రపు పాచి చూడాలంటే పాటు సమయానికి, అంటే సముద్రపు నీరు బాగా వెనక్కి తగ్గే వేళకు, అక్కడుండాలి. విశాఖలో అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో పోటుకూ పాటుకూ మధ్య తేడా సుమారు ఒకటిన్నర మీటరు ఉంటుంది. అష్టమి, నవముల్లో చాలా తక్కువ. పాటు సమయం రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతుంది కాబట్టి నిన్నటి లెక్క నేడు పనికిరాదు. పాటుకు గంట ముందు చేరి, నీరు తిరగ్గానే వచ్చేయండి. ఆకుపచ్చ పాచి పట్టిన రాయి మీద ఏ చెప్పూ నిలవదు.

ఎర్రమట్టి దిబ్బలకు మాత్రం ఒక పూట కేటాయించాల్సిందే. తీరం వెంబడి సుమారు 5 కిలోమీటర్లు పరుచుకున్న ఈ దిబ్బలను భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ జాతీయ భూవారసత్వ ప్రదేశంగా గుర్తించింది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోనూ చేరాయి. దక్షిణాసియాలో ఇలాంటివి మరో రెండు చోట్లే చెబుతారు: తమిళనాడు తేరి ఇసుకలు, శ్రీలంక తీరం. గత మంచుయుగం తీవ్రంగా ఉన్నప్పుడు, సుమారు 20 వేల ఏళ్ల కిందట, సముద్రమట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కిందికి దిగింది. బయటపడిన ఇసుకను గాలి ఒడ్డుకు తోసి కుప్ప పోసింది. ఆ ఇసుక మొదట ఎర్రగా లేదు. ఖొండలైట్ అరిగి అందులో చేరిన గార్నెట్ వంటి ఇనుము గల ఖనిజాలు వాన నీటికి కుళ్లి, ఆ ఇనుము హెమటైట్ అనే ఎర్రటి ఖనిజంగా ప్రతి రేణువుకూ పూతలా పట్టింది. గెడ్డ (దిబ్బల మధ్య వాన నీరు కోసిన వాగు) అడుగున రాలిపడ్డ ఇసుకను చిటికెడు తీసుకుని తడి వేళ్లతో నలిపితే రంగు వేళ్లకు అంటి, లోపలి క్వార్ట్జ్ రేణువు కనిపిస్తుంది. గోడల్లో పై నుంచి లేత పసుపు, ఇటుక ఎరుపు, ఎరుపు గోధుమ, అడుగున మళ్లీ పసుపు పొరలు వస్తాయి. మధ్యమధ్య గొట్టాల్లా కనిపించేవి పాత చెట్ల వేళ్ల చుట్టూ సున్నం గట్టిపడగా మిగిలిన అచ్చులు.

లోపల రాయి లేదు, రేణువులను పట్టి ఉంచేది ఆ ఎర్ర పూత, కాస్త బంకమన్ను మాత్రమే. ఎండలో గోడ నిట్టనిలువుగా నిలుస్తుంది. తడిస్తే పట్టు వదిలి, అడుగు కోసుకుపోయి, పెళ్లలుగా విరిగిపడుతుంది. అందుకే వానలో, వాన పడిన మర్నాడు వెళ్లొద్దు. గోడ అంచు మీద నిలబడొద్దు, గోడల మీద పేర్లు చెక్కడం ఎలాగూ కూడదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పొద్దున్నే వెళ్తే మంచిది. లోపల నీడ లేదు, నీళ్లు దొరకవు. మనిషికి లీటరున్నర పట్టుకెళ్లండి. గెడ్డలన్నీ ఒకేలా ఉండి దారి తప్పడం తేలిక. ఫోనులో బయల్దేరిన చోటు గుర్తు పెట్టుకోండి, లేదా గెడ్డ అడుగు పట్టుకుని వాలు వైపు నడవండి. నీరు సముద్రానికే పోతుంది.

రైల్వే స్టేషన్ నుంచి బీచ్ రోడ్డు మీదుగా వెళ్లే 900కె బస్సు భీమిలి దాకా వస్తుంది. అక్కడి డచ్చి సమాధులు చూశాక, ఒడ్డున నల్ల, గులాబీ చారలున్న చోట జానెడు లోతు గుంట తీయండి. నల్ల పొర, తెల్ల పొర ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి. నీటి సాంద్రత 1 అనుకుంటే క్వార్ట్జ్‌ది 2.65, గార్నెట్‌ది దాదాపు 4, ఇల్మనైట్ అనే నల్ల ఖనిజానిది 4.7. వెనక్కి మళ్లే అల తేలికదాన్ని లాక్కుపోయి బరువైనదాన్ని వదిలేస్తుంది. తుఫాను తర్వాత చారలు మందంగా ఉండేది అందుకే. మామూలు అయస్కాంతం మాగ్నటైట్ అనే నల్లటి ఇనుప ఖనిజాన్ని తప్ప మిగతావాటిని గట్టిగా పట్టదు. బాగా బలమైన నియోడిమియం అయస్కాంతానికి ప్లాస్టిక్ సంచి తొడిగి తిప్పితే ఇల్మనైట్ కూడా వస్తుంది, సంచి విప్పితే రాలిపోతుంది. చూసి అక్కడే పోసేయాలి: ఈ ఇసుకలో అణు ఖనిజమైన మోనజైట్ కలిసి ఉంటుంది కాబట్టి తరలింపుపై చట్టపరమైన ఆంక్షలున్నాయి. మధ్యాహ్నం నల్ల చారల మీద ఒట్టి కాళ్లతో నడవకండి, తెల్ల ఇసుక కంటే చాలా ముందే కాలుతుంది.