తాబేలు వీపున వడియాలు

"సార్, మా తాబేలు వీపు మీద గుబ్బలు లేస్తా ఉన్నాయి. మా అవ్వయితే వడియాలు పెట్టినట్టుందే అంటా ఉంది. జబ్బా సార్?"

తిరుపతి కొర్లగుంటలో ఉండే మా డిగ్రీ విద్యార్థిని మే నెలలో అడిగిన ప్రశ్న ఇది. వెళ్లి చూశాను. అవ్వ చెప్పింది అక్షరాలా నిజం. నున్నగా గుండ్రంగా ఉండాల్సిన డిప్ప మీద ఒక్కో పలక ఒక్కో వడియంలా లేచి ఉంది.

అది సుల్కాటా. ఆఫ్రికాలో సహారా ఎడారికి దక్షిణాన సహేల్ ప్రాంతంలో బతికే నేల తాబేలు. మన చిత్తూరు మెట్టల్లో తిరిగే నక్షత్ర తాబేలు అయ్యుంటే ఫారెస్టు వాళ్లకు అప్పగించమనే చెప్పేవాణ్ణి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని ఇంట్లో పెంచుకోవడం నేరం. ఇలాంటి విదేశీ జాతుల్ని కూడా 2024 నిబంధనల కింద కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. వీళ్లు చేయించారు.

తాబేలు పిల్లను గాజు అక్వేరియంలో పెట్టారు. అడుగున న్యూస్‌పేపరు, పైన వంద వాట్ల బల్బు, గదిలో రాత్రంతా ఏసీ. "ఎడారి జంతువు కదా సార్, అందుకే పొడిగా ఉంచినాం" అంది ఆ అమ్మాయి. గుబ్బలకు కారణం ఆ మాటలోనే ఉంది. సహేల్‌లో గాలి పొడిదే, కానీ సుల్కాటా రోజులో ఎక్కువ సమయం ఆ గాలిలో ఉండదు. నేలలోకి లోతుగా బొరియ తవ్వుకుని అందులో పడుకుంటుంది. బొరియలో మట్టి చెమ్మగా ఉంటుంది.

ఇప్పుడు అవ్వ వడియం దగ్గరికి వద్దాం. వేడిగాలి కొట్టే రోజు గుడ్డ మీద పిండి పెడితే అంచు ముందు ఎండి బిగుసుకుంటుంది. నడుమ ఇంకా పచ్చిగానే ఉంటుంది, ఆకారాన్ని మాత్రం అంచే నిర్ణయిస్తుంది. తాబేలు వీపు మీద 13 పెద్ద పలకలుంటాయి. మన గోళ్లలో ఉండే కెరటినే వాటిలోనూ ఉంటుంది. పలక పెరిగేది అంచుల్లో. కొత్త కెరటిన్ అక్కడ మెత్తగా పుడుతుంది. చుట్టూ చెమ్మ ఉంటే అది పక్కకు సాఫీగా పరుచుకుంటుంది. గాలి పొడిగా ఉంటే పుట్టిన వెంటనే గట్టిపడిపోతుంది. దాని పక్కన వచ్చే తరువాతి వరసకు పక్కకు జరగడానికి చోటు దొరక్క కిందికి వంగుతుంది. ఆ తరువాతిది ఇంకా కిందికి. అంటే నడిభాగం పైకి లేవడం లేదు, అంచులే దిగిపోతున్నాయి. గుబ్బలకు ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే వివరణ ఇదే. ఒక్క చోట మాత్రం ఈ పోలిక ఆగిపోతుంది. ఎండిన వడియాన్ని నానబెడితే మెత్తబడుతుంది. తాబేలు పలక ఒకసారి అలా ఏర్పడితే మళ్లీ చదును కాదు, ఎందుకంటే కింద ఎముక కూడా అదే ఆకారంలో పెరిగి ఉంటుంది. ఇక మీదట పుట్టే వరసల్ని మాత్రమే మనం సరిచేయగలం.

మాంసకృత్తులు ఎక్కువైతే గుబ్బలు వస్తాయని చాలాకాలం నమ్మారు. సుల్కాటా పిల్లల మీదే చేసిన ఒక ప్రయోగం 2003లో అచ్చయింది. పొడి గాలిలో పెరిగిన పిల్లల గుబ్బలు ఎత్తుగా వచ్చాయి, తేమలో పెరిగినవాటి డిప్ప చాలా నున్నగా ఉంది. తిండిలోని మాంసకృత్తుల ప్రభావం దీనితో పోలిస్తే బాగా తక్కువ. నాకు చాలా ఇష్టమైన ప్రయోగం ఇది. ఏళ్ల తరబడి తిండి మీద వేసిన నింద ఒక్క దెబ్బతో గాలి మీదికి మారిపోయింది.

బల్బు చేసే పని చూడండి. 27 డిగ్రీల దగ్గర ఘనమీటరు గాలి సుమారు 26 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. 37 దగ్గర 44 గ్రాములు. 27 డిగ్రీల దగ్గర 60 శాతం తేమ ఉన్న గాలిలో 15.5 గ్రాములుంటాయి. నీటిబొట్టు కలపకుండా ఆ గాలిని 37కు వేడి చేస్తే తేమ సుమారు 35 శాతానికి పడిపోతుంది. ఆవిరి ఎక్కడికీ పోలేదు, గాలి దాహం పెరిగింది, అంతే. ఆ దాహం తాబేలు వీపు మీద తీరుతుంది.

అక్వేరియం తీసేయించాను. గాజు గోడ కనిపించక తాబేలు రోజంతా దాన్నే తోస్తూ ఉంటుంది. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పున్న ప్లైవుడ్ పెట్టె చేయించారు. లోపల టార్పాలిన్, దానిపైన నాలుగంగుళాల కోకోపీట్, అంటే కొబ్బరిపీచు పొడి. కోకోపీట్‌ను పిడికిట పడితే ముద్ద కట్టాలి, నీళ్లు కారకూడదు. పైన ముప్పావు వంతు మూత. ఒక మూల మట్టికుండను పక్కకు పడుకోబెట్టి సగం పూడ్చాం, అదే బొరియ. బల్బు కింద 35 నుంచి 38 డిగ్రీలు, రెండో కొసన 27. తేమ 80 శాతం. చెమ్మతో పాటు చలి చేరితే ఊపిరితిత్తులకు ఇన్‌ఫెక్షన్ వస్తుంది, అందుకే పెట్టె ఏసీ లేని గదిలోకి మారింది. ఎముకకు కాల్షియం పట్టాలంటే ఎండలోని అతినీలలోహిత కిరణాల్లాంటివి ఇచ్చే యూవీబీ ట్యూబు కూడా కావాలి. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ ఆ పని చేయదు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. మన భాషలో నీటి జంతువుకూ నేల జంతువుకూ తాబేలు అనే ఒకటే పేరు. వాస్తు కోసం ఇత్తడి తాబేలును నీళ్ల పళ్లెంలో పెట్టే అలవాటు ఒకటి ఉంది. అది చూసి ప్రాణమున్న నేల తాబేలును కూడా నీళ్ల తొట్టిలో వేసేవాళ్లున్నారు. అది ఈదలేదు, మునిగి చచ్చిపోతుంది. రోజూ పావుగంట గోరువెచ్చని నీళ్లలో, గడ్డం కిందివరకే, మనం పక్కనుండగా నానబెడితే చాలు.

తిండికి గడ్డి, మందారాకు, ముళ్లు తీసిన నాగజెముడు, పలమనేరు వైపు పట్టుపురుగులకు వేసే మల్బరీ ఆకు. పెరుగన్నం, ప్రసాదం, తీపి పండ్లు వద్దు.

ఈ పెట్టె రెండేళ్లకు మించి చాలదు. పెద్ద సుల్కాటా 40, 50 కిలోలు తూగుతుంది. కొర్లగుంట ఇంటికి పెరడు లేదు. కాణిపాకం దగ్గర వాళ్ల తాతకు మామిడితోట ఉందట. తవ్వే జంతువు కాబట్టి కంచె గోడను భూమిలోకి రెండడుగులైనా దించమన్నాను. చెట్ల కింద రాలిన తీపి కాయల్ని దానికి అందకుండా ఏ రోజుకారోజు ఏరేయాలని తాతకు ఇప్పుడే ఫోనులో చెప్పి ఉంచాను.