పాత కారు స్టీరింగ్ లూజు: అపోహలు - వాస్తవాలు

పాత కార్లు బాగుచేసేవాళ్ళకి ఈ మాట బాగా అలవాటు: "స్టీరింగ్ లూజుగా ఉంది, బాక్సు మీద స్క్రూ కొంచెం బిగించండి చాలు." రోగం వాళ్ళే చెప్తారు, మందూ వాళ్ళే రాసేస్తారు. రోగం నిజమే, మందుతోనే పేచీ. నా అనుభవంలో స్టీరింగ్ బాక్సు (స్టీరింగ్ తిప్పుడుని చక్రాల రాడ్లకి అందించే గేర్ల పెట్టె) చివర్లో అనుమానించాల్సింది. జనం మాత్రం మొదట దాని మీదే పడతారు, ఎందుకంటే ఆ స్క్రూ పైకి కనిపిస్తుంది, స్పానర్‌కి సులువుగా అందుతుంది.

అపోహ: బాక్సు మీద స్క్రూ బిగిస్తే లూజు పోతుంది

ఆ స్క్రూ ఉన్నది సర్దుబాటు కోసమే, కాదనను. కానీ అది తగ్గించేది ఒక్కచోటి ఖాళీనే: స్టీరింగ్ రాడ్డు చివరి వార్మ్ గేరు (మరలాంటి గేరు) వైపుకీ, చక్రాల లింకుల్ని నెట్టే పిట్‌మన్ ఆర్మ్‌ని తిప్పే సెక్టార్ షాఫ్ట్‌కీ మధ్య ఉన్న ఖాళీ. కింద టై రాడ్ ఎండ్ (చక్రాన్ని తిప్పే రాడ్డు చివరి జాయింట్) అరిగిపోయినా, బాక్సుని ఛాసిస్‌కి పట్టి ఉంచే బోల్టులు వదులైనా ఈ స్క్రూ చేసేదేమీ లేదు.

దీన్ని మించిన ఇబ్బంది ఇంకొకటుంది. కారు ఎక్కువసేపు తిన్నగానే నడుస్తుంది కాబట్టి బాక్సు లోపలి పళ్ళు మధ్యలోనే ఎక్కువ అరుగుతాయి. రెండు పక్కలా దాదాపు కొత్తవాటిలాగే ఉంటాయి. కొత్త బాక్సు తయారుచేసేటప్పుడే మధ్యభాగాన్ని కాస్త బిగువుగా, పక్కలకి వెళ్ళేకొద్దీ వదులుగా ఉంచుతారు. ఏళ్ళ తరబడి అరిగాక ఇది తలకిందులవుతుంది. మధ్యలో ఉన్న లూజంతా పోయేదాకా స్క్రూ తిప్పితే, మలుపులో బాక్సు పట్టేస్తుంది.

పని నేర్చుకునే రోజుల్లో నేనూ ఈ ఘనకార్యం చేశాను. కారుని షెడ్డులో నిలబెట్టే స్క్రూ బిగించి, లూజు పోయిందని సంబరపడి రోడ్డెక్కించాను. మొదటి మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతటది వెనక్కి రాలేదు. తిప్పినచోటే ఆగిపోయింది. చేత్తో లాగి తిన్నగా చేసుకుంటూ తిరిగొచ్చేసరికి చొక్కా తడిసిపోయింది. లూజు స్టీరింగ్‌తో జాగ్రత్తగా ఇల్లు చేరొచ్చు గానీ, పట్టేసే స్టీరింగ్‌తో టెన్షనే.

అపోహ: స్టీరింగ్ బాగా ఆడుతోందంటే పెద్ద పార్టేదో పోయుంటుంది

ఇక్కడ కాస్త లెక్క వేయాలి. కొన్ని పాత బాక్సుల్లో నిష్పత్తి 20కి పైనే ఉంటుంది. 24 అనుకుందాం. అంటే స్టీరింగ్ 24 డిగ్రీలు తిరిగితే రోడ్డు మీది చక్రం 1 డిగ్రీ తిరుగుతుంది. స్టీరింగ్ వ్యాసం 400 మిల్లీమీటర్లయితే, అంచు దగ్గర ఒక్కో డిగ్రీ దాదాపు 3.5 మిల్లీమీటర్లు.

ఇప్పుడు చక్రాన్ని తిప్పే ఆర్మ్ పొడవు 150 మిల్లీమీటర్లనీ, దాని చివరి జాయింట్‌లో 1 మిల్లీమీటరు అరుగుదల ఉందనీ అనుకోండి. చక్రం దగ్గర అది 0.38 డిగ్రీ. దాన్ని 24తో గుణిస్తే స్టీరింగ్ దగ్గర 9 డిగ్రీలు దాటుతుంది. అంచు మీద కొలిస్తే 32 మిల్లీమీటర్లు! మాన్యువల్ బాక్సున్న పాత కారుకి అంచు దగ్గర సుమారు 25 మిల్లీమీటర్ల దాకా ఆట ఉంటే నేను పెద్దగా పట్టించుకోను. అంటే కింద ఒక్క జాయింట్‌లోని ఒక్క మిల్లీమీటరే ఆ హద్దు దాటించేస్తుంది. అదే స్టీరింగ్ రాడ్డు మీది రబ్బరు కప్లింగ్‌లో 1 డిగ్రీ లూజుంటే, పైన కూడా 1 డిగ్రీయే కనిపిస్తుంది.

అందుకే వెతకడం కింద నుంచి మొదలుపెట్టాలి. చక్రాలకి దగ్గరగా ఉన్న చిన్న లూజు పైకొచ్చేసరికి ఇన్ని రెట్లవుతుంది మరి.

అపోహ: కారుని జాకీ మీద లేపి చక్రం ఊపి చూస్తే అన్నీ తెలిసిపోతాయి

కొన్నే తెలుస్తాయి. మొదటి పరీక్ష చక్రాలు నేల మీద ఉండగానే చేయాలి. ఒకరు లోపల కూర్చుని స్టీరింగ్‌ని ఇటూ అటూ కొద్దికొద్దిగా, ఆగకుండా ఊపుతుండాలి. పవర్ స్టీరింగైతే ఇంజిన్ ఆన్‌లో ఉంచాలి. రెండోవాళ్ళు కింద నుంచి వరసగా చూడాలి, ఒక్కో జాయింట్ మీద వేళ్ళు పెట్టి చూస్తే ఇంకా మంచిది. కంటికి కనబడని కదలిక వేళ్ళకి తెలుస్తుంది, కాకపోతే వేళ్ళు నలిగే సందుల్లో మాత్రం పెట్టకండి.

బాక్సులోకి వెళ్ళే రాడ్డు తిరుగుతోంది, పిట్‌మన్ ఆర్మ్ మాత్రం కదలడం లేదు. అప్పుడే బాక్సు దోషి. ఆర్మ్ కదులుతోంది గానీ దానికి తగిలించిన లింకు ఆలస్యంగా కదులుతోందంటే మధ్యలోని జాయింట్ పోయినట్టు. మొత్తం బాక్సే ఛాసిస్ మీద కదులుతుంటే బోల్టులు చూడండి, తర్వాత వాటి చుట్టూ ఉన్న రేకులో పగుళ్ళు వెతకండి. పగుళ్ళ సంగతి చాలామంది మర్చిపోతారు. ఐడ్లర్ ఆర్మ్ (రెండో పక్క లింకుల్ని మోసే ఆర్మ్) బుష్‌ని కూడా.

ఆ తర్వాతే జాకీ. కారుని స్టాండ్ల మీద నిలిపి, చక్రం పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడితే హబ్ బేరింగైనా, చక్రం పక్కకి తిరగడానికి ఆధారమైన కింగ్ పిన్నో బాల్ జాయింటో అయినా కావచ్చు. ఎవరినైనా బ్రేక్ తొక్కమని మళ్ళీ ఊపితే తేలిపోతుంది: ఆట పోయిందంటే బేరింగ్, అలాగే ఉందంటే కింగ్ పిన్ను లేదా బాల్ జాయింట్. పక్కలు పట్టుకుని ఊపితే మాత్రమే ఆడుతుంటే, అనుమానం ముందు టై రాడ్ ఎండ్స్ మీదకి పోవాలి.

అపోహ: గట్టి గ్రీజు దట్టిస్తే బాక్సు బిగుసుకుంటుంది

గేర్ ఆయిల్ పోయాల్సిన బాక్సులో గట్టి గ్రీజు కూరితే, పళ్ళు దాన్ని పక్కకి తోసేస్తాయి, అది తిరిగి వాటి మధ్యకి రాదు. పళ్ళు పొడిగా అరుగుతాయి. గ్రీజు ఉండాల్సింది కింగ్ పిన్నుల్లో, జాయింట్లలో. కింగ్ పిన్నుకి గ్రీజు కొట్టేటప్పుడు చక్రం మీది బరువు తీసేయండి. లేకపోతే బరువు మోసే ముఖాల మధ్యకి గ్రీజు చేరదు.

అపోహ: పాత కార్లన్నీ కొత్తలో కూడా ఇలాగే ఊగేవి

లేదు. నెమ్మదిగా స్పందించడం వేరు, లూజు వేరు. పెద్ద నిష్పత్తి ఉన్న స్టీరింగ్‌ని ఎక్కువ తిప్పాలి, కానీ తిప్పిన మేరకు చక్రం కదలాలి. కొత్త కారు అలవాటైనవాళ్ళు మొదటిసారి పాత కారు నడిపి, ఆ నెమ్మదినే లూజనుకుంటారు.

అపోహ: పవర్ స్టీరింగ్ పెట్టిస్తే సమస్యే ఉండదు

1951లో క్రైస్లర్ తన ఇంపీరియల్ కారులో పవర్ స్టీరింగ్‌ని అమ్మకానికి తెచ్చింది. అప్పటికీ ఇప్పటికీ దాని పని ఒక్కటే, చేతికి బరువు తగ్గించడం. అరిగిన జాయింట్లను అది తేలిగ్గా ఊపుతుంది, అంతే.

అపోహ: రోడ్డు మీద కారు అటూ ఇటూ పోతోందంటే స్టీరింగే లూజు

కొన్నిసార్లు స్టీరింగ్‌లో ఏ తప్పూ ఉండదు. ముందు టైర్లలో గాలి చూడండి. పాత క్రాస్ ప్లై టైర్లు (లోపలి దారాల పొరలు ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటే రకం) రోడ్డు మీది చక్రాల గాడుల్ని పట్టుకుని పోతుంటాయి. మిషెలిన్ 1946లో పేటెంట్ చేసిన రేడియల్ టైరు ఈ పద్ధతిని మార్చింది. ఒకే కారుకి రెండు రకాలూ కలిపి వేస్తే మాత్రం ఇక చెప్పనక్కర్లేదు. టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే తీరు) సరిగా లేకపోయినా, ముఖ్యంగా చక్రాలు ముందువైపు బయటికి తెరుచుకుని ఉన్నా, కారు ఒకచోట నిలవదు. క్యాస్టర్ (చక్రం పక్కకి తిరిగే ఇరుసు వెనక్కి వాలి ఉండే కోణం) తక్కువైతే స్టీరింగ్ మధ్యలోకి తిరిగి రాదు. వెనక స్ప్రింగ్ బుష్‌లు అరిగితే వెనక ఇరుసే కారుని తిప్పుతుంది, నింద ముందు బాక్సుకి పడుతుంది!

మరి నిజంగా బాక్సే అయితే?

స్క్రూ ముట్టుకునే ముందు లింకేజీని (చక్రాలదాకా వెళ్ళే రాడ్లని) పిట్‌మన్ ఆర్మ్ నుంచి విడదీయండి. లింకులు తగిలి ఉంటే బాక్సు బిగువు చేతికి తెలియదు. ముందు వార్మ్ బేరింగ్‌ల సర్దుబాటు, ఆ తర్వాతే సెక్టార్ స్క్రూ. వరస తప్పితే మొదటికొస్తుంది. స్టీరింగ్‌ని ఒక చివర నుంచి ఇంకో చివరకి తిప్పి చుట్లు లెక్కపెట్టి, సరిగ్గా సగానికి తెచ్చి ఆపండి. లింకులు లేనప్పుడు చివర్ల దగ్గర గట్టిగా కొట్టి తిప్పకండి, రీసర్క్యులేటింగ్ బాల్ బాక్సుల్లో (వార్మ్ మీద ఉక్కు గోలీలు దొర్లే రకం) గోలీల దారులు పాడవుతాయి. లాక్ నట్ వదులు చేసి స్క్రూ ఒకసారికి ఎనిమిదో వంతు చుట్టే తిప్పండి. తిప్పిన ప్రతిసారీ స్టీరింగ్ చివరిదాకా తిప్పి చూడండి. ఎక్కడ కొద్దిగా పట్టినా వెనక్కి వచ్చేయండి. మధ్యలో కొంచెం ఆట మిగిలిపోతే మిగలనివ్వండి, అది వద్దనుకుంటే బాక్సు విప్పి పార్టులు మార్చాల్సిందే. సెక్టార్ షాఫ్ట్ తన బుష్‌లో పక్కలకి ఊగుతుంటే ఏ స్క్రూ ఎంత తిప్పినా లాభం లేదు, బుష్ మార్చాలి.

టై రాడ్ ఎండ్స్ మార్చారా, టో మళ్ళీ కొలిపించాలి. ఎండ్‌ల మీది క్యాజిల్ నట్ (అంచున గాట్లున్న నట్) గాటు బోల్టు రంధ్రంతో కలవకపోతే మరికాస్త బిగించి కలపండి, వదులు చేసి కాదు. తీసిన స్ప్లిట్ పిన్ని (నట్ వదులవకుండా ఆ రంధ్రంలో దూర్చే పిన్ను) మళ్ళీ వాడకండి, కొత్తది పెట్టండి.