ఎవరైనా రాయగలిగే పలక

చిరంజీవులైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. "వికీపీడియాలో ఎవరైనా రాయవచ్చు కదా, మరి అది తప్పుల కుప్పగా ఎందుకు మారలేదు?" అని మీలో చిన్నది అడిగిన ప్రశ్న నాకెంతో నచ్చింది.

నేను చదువుకున్న బడిలో ఒక గోడపత్రిక ఉండేది. బడివారు ఇచ్చినవి ఒక చెక్క పలక, కొన్ని గుండుసూదులు మాత్రమే. కథలు, బొమ్మలు, పొడుపుకథలు మేమే తెచ్చి గుచ్చేవాళ్లం. ఎవరైనా ఒక నది పొడవును తప్పుగా రాస్తే, మరొకరు పెన్సిలుతో దిద్ది, ఏ పుస్తకంలో చూశారో పక్కనే రాసేవారు. పొడుపుకథల ముందు ఎప్పుడూ గుంపు ఉండటం గమనించి మాస్టారు వాటిని పలక నడుమకు మార్చారు. ఆ గుంపులో చాలామంది ఏనాడూ ఒక్క అక్షరం రాసినవాళ్లు కారు; అయినా నడుమ ఏది ఉండాలో తేల్చింది వాళ్ల చూపులే.

2001 జనవరిలో మొదలైన వికీపీడియా కూడా అలాంటి పలకే. అయితే ఈ పలక మీద చెరిపేసిన మాట కూడా పోదు. ప్రతి మార్పూ దాని చరిత్రలో నిలిచి ఉంటుంది కాబట్టి, ఆకతాయి ఒకడు పేజీని పాడుచేసినా, దానిపై కన్నేసి ఉంచిన మరొకరు క్షణాల్లో పాత రూపానికి తేగలరు. పాడుచేయడం కంటే బాగుచేయడం తేలిక కావడమే ఇందులోని కిటుకు. ఎవరూ తొంగిచూడని పేజీల్లో మాత్రం తప్పులు చాలాకాలం అలాగే ఉండిపోతాయి.

రాసేవాళ్లు పలక తీరునే మార్చిన సందర్భాలూ ఉన్నాయి. ట్విట్టర్‌లో ఒకే విషయంపై మాటలన్నిటినీ ఒకచోట చేర్చడానికి # గుర్తును వాడదామని 2007 ఆగస్టులో సూచించిన క్రిస్ మెస్సీనా ఆ సంస్థ ఉద్యోగి కాదు, దాన్ని వాడుకునేవారిలో ఒకరు. జనం ఆ గుర్తుకు అలవాటుపడిన తరువాత, 2009లో సంస్థ దాన్ని నొక్కితే తెరుచుకునే లంకెగా మార్చింది.

ఇక మౌనంగా చూసేవారి సంగతి. వీడియోను ఎంతమంది తెరిచారన్న దానికంటే ఎంతసేపు చూశారన్న దానికి ఏ వీడియోను జనం ముందుకు తేవాలో ఎంచేటప్పుడు యూట్యూబ్ 2012 నుంచి ఎక్కువ విలువ ఇస్తోంది. ఎగతాళి చేయడానికి చూసినా ఆ సమయం లెక్కలో చేరుతుంది. చూడటమూ ఒక పనే, పిల్లలూ; నచ్చనిదాన్ని పదేపదే తెరిచి చూస్తే, దాన్ని పలక నడుమకు తెచ్చినవాళ్లలో మీరూ ఒకరవుతారు.

ఇప్పుడు మీకు ఇష్టమైన జంతువు పేజీని వికీపీడియాలో తెరిచి, పైన ఉన్న "చరిత్ర"ను నొక్కి, అన్నిటికంటే పాత కూర్పును చూడండి. అక్కడి నుంచి ఒక్కొక్క కూర్పు దాటుతూ ఇప్పటి దాకా రండి. తప్పేదైనా మీ కంటబడితే, ముందు మంచి పుస్తకంలో సరిచూసుకుని, ఆ ఆధారం చూపిస్తూ దిద్దండి. ఏం దిద్దారో నాకు రాయండి.

మీ
తాతయ్య