బి.ఎడ్. ఉంటే జర్మనీలో టీచరు కావచ్చా? అపోహలు, వాస్తవాలు

పోయిన నెలలో ఒకరోజు రాత్రి పదకొండు దాటాక ఖమ్మం జిల్లా అమ్మాయి ఒకరు నాకు ఫోన్ చేసింది. మా ఇద్దరికీ తెలిసిన స్నేహితురాలు నంబరు ఇచ్చిందట. "అక్కా, నా మాస్టర్స్ ఇంకొక్క సెమెస్టర్‌తో అయిపోతుంది. ఎడ్యుకేషన్‌లోనే చేస్తున్నాను. స్కూళ్లకు ఎప్పటి నుంచి అప్లై చేసుకోవచ్చు?" అని అడిగింది. కోర్సు పేరు, చదువుతున్న భాష చెప్పమన్నాను. ఎం.ఏ. అంది, అంతా ఇంగ్లిష్‌లోనే అంది, జర్మన్ ఏ2 వరకు (ఏ1 నుంచి సి2 దాకా ఉండే ఆరు భాషా స్థాయిల్లో రెండోది) వచ్చు అంది. ఆ చదువుతో జర్మనీలోని ఏ ప్రభుత్వ పాఠశాలలోనూ ఆమెను టీచరుగా తీసుకోరన్న మాటను, ఊళ్లో ఎకరం పొలం అమ్మి పంపిన తల్లిదండ్రులున్న పిల్లకు ఆ వేళప్పుడు ఎలా చెప్పాలో నాకు కాసేపు తెలియలేదు. చెప్పాను. అవతల చాలాసేపు నిశ్శబ్దం.

ఇలాంటి ఫోన్లు నాకు కొత్త కాదు. నేను జర్మనీలోని నార్త్ రైన్ వెస్ట్‌ఫాలియా రాష్ట్రంలో (ఇకమీదట 'మా రాష్ట్రం' అంటే ఇదే), రూర్ ప్రాంతంలో, గణితం, భౌతికశాస్త్రం సబ్జెక్టులుగా మాస్టర్ ఆఫ్ ఎడ్యుకేషన్ చదువుతున్నాను. అందులో భాగమైన ఐదు నెలల ప్రాక్సిస్ సెమెస్టర్‌ను, అంటే బడిలో బోధన శిక్షణను, ఒక గెజామ్ట్‌షూలెలో (అన్ని స్థాయిల పిల్లలూ కలిసి చదివే బడి) ఈమధ్యే పూర్తి చేశాను. అడిగేవాళ్లు మారుతున్నారు గానీ వాళ్లు విని వచ్చిన పుకార్లు మారడం లేదు. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఒకటుంది. దాన్ని గురించే ఎక్కువగా రాస్తాను.

అపోహ: ఎడ్యుకేషన్‌లో మాస్టర్స్ చేస్తే, లేదా బి.ఎడ్.కు జడ్‌ఏబీ (విదేశీ డిగ్రీలను అంచనా వేసే జర్మన్ కార్యాలయం) పత్రం తెచ్చుకుంటే, జర్మన్ స్కూల్లో టీచరు కావచ్చు.

రెండు మాటలూ తప్పే. విడివిడిగా చూద్దాం.

జర్మన్ విశ్వవిద్యాలయాల్లో పేర్లు దగ్గరదగ్గరగా ఉండి, దారులు మాత్రం పూర్తిగా వేరైన రెండు రకాల చదువులున్నాయి. ఒకటి విద్యాశాస్త్రంలో ఎం.ఏ. ఇందులో విద్యా సిద్ధాంతాలు, విద్యా విధానాలు, వయోజన విద్య, పరిశోధన పద్ధతులు నేర్పుతారు. మంచి చదువే, పరిశోధన సంస్థల్లోనో, శిక్షణ సంస్థల్లోనో, స్వచ్ఛంద సంస్థల్లోనో పనికొస్తుంది. రెండోది లేర్‌ఆమ్ట్ చదువు, అంటే పాఠశాల ఉపాధ్యాయ వృత్తికి నేరుగా తీసుకెళ్లేది. మా రాష్ట్రంలో అది బ్యాచిలర్, ఆపైన మాస్టర్ ఆఫ్ ఎడ్యుకేషన్‌గా ఉంటుంది. మరో రాష్ట్రమైన బవేరియాలో మొదటి స్టేట్ ఎగ్జామ్‌తో ముగుస్తుంది. ఈ దారిలో వచ్చేవాళ్లు సాధారణంగా బడిలో బోధించే రెండు సబ్జెక్టులను విశ్వవిద్యాలయ స్థాయిలో చదవాలి, వాటితోపాటు బోధనాశాస్త్రం, బడిలో శిక్షణ పూర్తి చేయాలి. ఆ తరువాత రెఫరెండారియాట్, అంటే బడిలో పనిచేస్తూ పొందే శిక్షణ. అది మా రాష్ట్రంలో 18 నెలలు, బవేరియాలో 24 నెలలు. చివరగా రెండో స్టేట్ ఎగ్జామ్. అప్పటికి గానీ మనిషి పూర్తి స్థాయి టీచరు కాడు.

మొదటి దారిలో ఎంత బాగా చదివినా అది రెండో దారిలో కలవదు. ఫీజు కట్టేముందు కోర్సు పేజీలో లేర్‌ఆమ్ట్ అన్న మాట ఉందా లేదా చూడండి. లేకపోతే అది స్కూలు టీచరును చేసే చదువు కాదు. పాఠం జర్మన్‌లో చెప్పాలి కాబట్టి లేర్‌ఆమ్ట్ చదువు కూడా జర్మన్‌లోనే సాగుతుంది. కాబట్టి పూర్తిగా ఇంగ్లిష్ మాధ్యమమని ప్రకటనలో గొప్పగా రాసి ఉంటే, ఆ ఒక్క ముక్కతోనే మీకు సంగతి అర్థం కావాలి. ఈ తేడా తెలిసి కూడా "జర్మనీలో టీచర్ కెరీర్" అని చెప్పి విద్యార్థులను పంపే కన్సల్టెన్సీల మీద నాకు చాలా కోపం ఉంది. నమ్మి వచ్చినవాళ్ల మీద లేదు. మన దగ్గర ఎడ్యుకేషన్ డిగ్రీ అంటే టీచరు చదువే. ఆ అలవాటుతో ఇక్కడి పేరు చూసి నమ్మడం సహజం.

ఇక జడ్‌ఏబీ పత్రం. 200 యూరోలకు పైగా కట్టి తెచ్చుకునే ఆ పత్రం, మీ డిగ్రీ జర్మనీలో ఏ స్థాయి డిగ్రీతో పోల్చదగినదో చెబుతుంది, అంతే. ప్రభుత్వ పాఠశాలలో బోధన ఇక్కడ చట్టపరమైన నియంత్రణ ఉన్న వృత్తి. దానికి కావలసిన గుర్తింపు వేరు. దాన్ని ఇచ్చేది మీరు పనిచేయాలనుకునే రాష్ట్రపు విద్యా యంత్రాంగం. విద్య ఇక్కడ రాష్ట్రాల చేతిలో ఉన్న అంశం, రాష్ట్రాలు 16. ఒక రాష్ట్రంలో ఉన్న స్నేహితుడికి జరిగింది మరో రాష్ట్రంలో మీకు అలాగే జరగాలని లేదు. వాట్సాప్‌లో తిరిగే "మా కజిన్‌కు వచ్చింది" అన్న మాటల్లో ఏ రాష్ట్రం, ఏ సబ్జెక్టులు, ఏ సంవత్సరం అన్నవి ఎప్పుడూ ఉండవు.

దరఖాస్తు చేసినవాళ్లలో ఎక్కువమంది ఆగిపోయేది రెండు సబ్జెక్టుల దగ్గర. నా సంగతే చెబుతాను. నాది ఎం.పి.సి. గ్రూపుతో బి.ఎస్సీ., ఆపైన గణితం, భౌతికశాస్త్రం మెథడాలజీలతో బి.ఎడ్.; తెనాలి దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో మూడేళ్ల అనుభవం కూడా ఉంది. రెండు మెథడాలజీలున్నాయి కదా, రెండు సబ్జెక్టులు ఉన్నట్టేనని అనుకున్నాను. ఇక్కడివాళ్లు మెథడాలజీ చూడలేదు. డిగ్రీలో ఒక్కో సబ్జెక్టు ఎన్ని గంటలు, ఎంత లోతుగా చదివానో చూశారు. మన మూడేళ్ల డిగ్రీ మూడు సబ్జెక్టులకూ భాషలకూ పంచుకుపోతుంది కాబట్టి ఏ ఒక్కటీ ఇక్కడ అడిగినంత లోతుకు చేరలేదు. గణితంలో చాలావరకు లెక్కలోకి తీసుకున్నారు, భౌతికశాస్త్రంలో ప్రయోగశాల గంటలు తక్కువయ్యాయన్నారు. చివరకు బ్యాచిలర్‌లో నడుమ సెమెస్టర్‌లో చేరి, మిగిలింది చదివి, అప్పుడు మాస్టర్స్‌కు వచ్చాను. ఆ ఏళ్లు వృథా అయ్యాయని నేను అనుకోవడం లేదు, కానీ ముందే తెలిసి ఉంటే ఇంట్లోవాళ్లకు "ఏడాదిలో ఉద్యోగం" అని చెప్పి ఉండేదాన్ని కాదు.

అప్పటికే టీచరుగా పనిచేసి వచ్చినవాళ్లకు కొన్ని విశ్వవిద్యాలయాల్లో ప్రత్యేక కార్యక్రమాలు ఉన్నాయి. పోట్స్‌డామ్ విశ్వవిద్యాలయం 2016లో శరణార్థులుగా వచ్చిన ఉపాధ్యాయుల కోసం ఒకటి మొదలుపెట్టింది; బీలెఫెల్డ్‌లో 2017లో లేర్‌క్రెఫ్టె ప్లుస్ మొదలైంది, తరువాత మా రాష్ట్రంలోని మరికొన్ని విశ్వవిద్యాలయాలకు విస్తరించింది. వీటిలో ఎవరికి అర్హత ఉందో ప్రతిచోటా నిబంధనలు చదివి తెలుసుకోవాలి. ఇవి కూడా మొదటి రోజు నుంచి భాష మీదే నడుస్తాయి.

అపోహ: లెక్కల టీచరుకు భాష అంతగా అక్కర్లేదు, బి2 చాలు.

ఈ మాట నేనూ నమ్మాను. ప్రాక్సిస్ సెమెస్టర్ రెండో వారంలో ఆరో తరగతికి నేను మొదటిసారి పాఠం చెప్పిన రోజు ఆ నమ్మకం పోయింది. నా మెంటర్ వెనక బల్ల దగ్గర నోటుపుస్తకం పట్టుకుని కూర్చున్నారు. ఒక బాబు చెయ్యెత్తి జవాబు చెప్పాడు: "జీబెన్‌ఉండ్‌ఆఖ్ట్‌సిష్." జర్మన్‌లో ఒకట్ల స్థానం ముందు చెబుతారు, పదుల స్థానం తరువాత చెబుతారు, మనం ఎనభై ఏడు అన్నదాన్ని వాళ్లు ఏడూ ఎనభై అంటారు. ఆ సంగతి నాకు ఏ1లోనే తెలుసు. కానీ ఇరవై ఎనిమిది మంది చూస్తుండగా, చెవిన పడ్డది పడ్డట్టు బోర్డు మీద ముందు 7, దాని పక్కన 8 రాశాను. పిల్లలు వెంటనే సరిచేశారు. సరిచేసేటప్పుడు మరో సమస్య బయటపడింది. నేను రాసే 1 మన అలవాటు ప్రకారం నిలువు గీత. ఇక్కడి పిల్లలు 1కి ఎడమవైపు పొడుగ్గా పైకి వెళ్లే గీత గీసి, 7కు నడుమ అడ్డగీత పెడతారు. నా 1ని ఒకమ్మాయి అక్షరమనుకుంది. దశాంశ బిందువు చోట కామా, గుణకారానికి చుక్క, భాగహారానికి రెండు చుక్కలు. ఇవన్నీ చేతికి అలవాటు కావాలి, అదీ వేగంగా.

పాఠం అయ్యాక మెంటర్ ఒక్క మాట కూడా కటువుగా అనలేదు. మొదట ఏది బాగా సాగిందో నన్నే చెప్పమన్నారు, తరువాత ఏది మార్చుకుంటానో అడిగారు, చివరికి తన నోటుపుస్తకం చూపించారు. అందులో సంఖ్యల తప్పు గురించి ఒకే ఒక్క వరుస ఉంది. మిగతా పేజీ అంతా, వెనక వరుసలో ఇద్దరు పిల్లలకు నా ప్రశ్నే అర్థం కాలేదని, నేను దాన్ని మరో మాటల్లో అడగకుండా అదే వాక్యాన్ని గట్టిగా మళ్లీ చెప్పానని రాసి ఉంది. భాష చాలకపోతే టీచరుకు జరిగే అసలు నష్టం ఇదే: ఒకే విషయాన్ని మూడు రకాలుగా చెప్పలేకపోవడం. ఆ ఇద్దరిలో ఒకడు ఏడాది కిందట సిరియా నుంచి వచ్చిన పిల్లవాడు. వాడికీ నాకూ ఆ గదిలో జర్మన్ పరాయి భాషే, కానీ నేర్పవలసిన బాధ్యత నాది.

కాబట్టి సి1 అడుగుతున్నారని, కొన్ని రాష్ట్రాలు సి2 వరకు అడుగుతున్నాయని విని అది విదేశీయులను ఆపడానికి పెట్టిన గోడ అనుకోకండి. మా రాష్ట్రంలో లేర్‌ఆమ్ట్ చదివే జర్మన్ విద్యార్థులు కూడా, వలస కుటుంబాల పిల్లలకు జర్మన్ నేర్పడం గురించి ఒక మాడ్యూల్ తప్పనిసరిగా చదువుతారు. వీసా కోసం ఎదురుచూస్తున్న నెలల్లో మీరు చేయగలిగిన అతి విలువైన పని భాష నేర్చుకోవడమే.

అపోహ: జర్మనీలో టీచర్ల కొరత ఉంది, ఎవరినైనా తీసుకుంటారు.

కొరత నిజమే. గణితం, భౌతికశాస్త్రం వంటి సబ్జెక్టుల్లో మరీ నిజం. అందువల్ల లేర్‌ఆమ్ట్ చదవనివాళ్లకూ కొన్ని రాష్ట్రాలు పక్కదారులు తెరిచాయి. 2024లో రాష్ట్రాల విద్యామంత్రుల సమాఖ్య ఒకే సబ్జెక్టుతో టీచరయ్యే వీలు గురించి కూడా నిర్ణయం తీసుకుంది. అయితే ఆ దారులు దేనిలోనూ భాష మినహాయింపు లేదు. మన డీఎస్సీ లాగా ఒక పరీక్ష రాసి, ర్యాంకుతో పోస్టింగు తెచ్చుకునే పద్ధతి కూడా ఇక్కడ లేదు. మా రాష్ట్రంలో చాలా ఖాళీలకు స్కూలే ప్రకటన ఇచ్చి, ఇంటర్వ్యూ చేసి ఎంచుకుంటుంది.

మిగిలినవి త్వరగా చెప్పేస్తాను.

పౌరసత్వం లేకపోతే టీచరు కాలేరన్నది తప్పు. బేఅమ్టె (శాశ్వత ప్రభుత్వ అధికారి) హోదాకు మాత్రమే సాధారణంగా జర్మన్ లేదా యూరోపియన్ యూనియన్ పౌరసత్వం అడుగుతారు. అది లేనివాళ్లను ఒప్పంద ఉద్యోగులుగా తీసుకుంటారు. ఇంటర్నేషనల్ స్కూళ్లలో ఇంగ్లిష్‌తో పని దొరుకుతుందన్నది సగం నిజం, మన బి.ఎడ్.కు, అనుభవానికి అక్కడ విలువ ఉంటుంది గానీ, అలాంటి స్కూళ్లు తక్కువ, పోటీ ఎక్కువ. కిండర్‌గార్టెన్ పని కూడా టీచరు పనేనని చెప్పి పంపుతున్నారు. అది ఎర్‌త్సీయర్ వృత్తి, దాని శిక్షణ వేరు, దానికీ జర్మన్ కావాలి. బడి మధ్యాహ్నానికి అయిపోతుంది కాబట్టి టీచర్లది సగం రోజు పనేనన్న మాట వింటే నాకు బాధ కలుగుతుంది. మా రాష్ట్రంలో గిమ్నాజియం (విశ్వవిద్యాలయ చదువుకు సిద్ధం చేసే బడి) టీచరుకు వారానికి 25.5 పీరియడ్లు, దిద్దడం, పాఠం సిద్ధం చేసుకోవడం, తల్లిదండ్రులతో మాట్లాడడం అన్నీ దానిపైన.

ప్రాక్సిస్ సెమెస్టర్‌కు జీతం ఉంటుందన్నది ఇంకో అపోహ. మా రాష్ట్రంలో ఉండదు. ఉదయం ఏడున్నరకే బడిలో ఉండాలి, సాయంత్రం మర్నాటి పాఠం రాసుకోవాలి కాబట్టి ఆ ఐదు నెలలు పార్ట్‌టైమ్ పనికి సమయం చిక్కదు. అద్దెకు డబ్బు ముందే పక్కన పెట్టుకోండి. చదువులో తప్పనిసరి భాగమైన శిక్షణ విదేశీ విద్యార్థులకు ఏడాదికి ఉండే 140 రోజుల పని పరిమితిలోకి రాదు. దాని గురించి భయపడనక్కర్లేదు. బడిలో అడుగుపెట్టే ముందు తట్టు టీకా రుజువు చూపాలి. 2020 మార్చి నుంచి ఇది చట్టం. మన చిన్ననాటి టీకా కార్డులు ఇళ్లలో దొరకవు. అమ్మకు ఫోన్ చేసి వెతికించేకంటే ఇక్కడి డాక్టరు దగ్గర రక్తపరీక్షతో రోగనిరోధక శక్తి నిరూపించుకోవడమో, మళ్లీ టీకా వేయించుకోవడమో సులభం.

నాకు ఫోన్ చేసేవాళ్లు బి.ఎడ్. పట్టా ఫొటో పంపి "చాన్స్ ఉందా అక్కా" అని అడుగుతారు. దాన్ని బట్టి నేనే కాదు, ఎవరూ ఏమీ చెప్పలేరు. చూడవలసింది మీ డిగ్రీ సిలబస్: మీరు చదివిన సంవత్సరానిది, ప్రతి పేపరులో గంటలు, అంశాలు ఉన్నది, విశ్వవిద్యాలయం ముద్ర ఉన్నది. నా సిలబస్ ప్రతుల కోసం మా నాన్న, మోకాళ్ల నొప్పులున్న మనిషి, విశ్వవిద్యాలయానికి నాలుగుసార్లు వెళ్లారు. పాత సిలబస్ లేదని రెండుసార్లు తిప్పి పంపారు, మూడోసారి కొత్త సిలబస్ మీద ముద్ర వేసి ఇచ్చారు, నాలుగోసారికి అసలుది దొరికింది. ఆ పని విమానం ఎక్కకముందు నేను చేసుకోవలసింది. ఖమ్మం అమ్మాయిది కూడా ఎం.పి.సి. డిగ్రీయే. ఆమె తమ్ముడు ఈ సోమవారం సిలబస్ కోసం వెళ్తున్నాడు. అవి వచ్చాక ఏ రాష్ట్రంలో ఎన్ని క్రెడిట్లు లెక్కకు వస్తాయో ఇద్దరం కూర్చుని చూస్తాం. ఈలోపు ఆమె బి1 తరగతిలో చేరింది.