'చిన్న ఇల్లే కదా, బానిసలు ఉండి ఉండరు': పాత ఫార్మ్‌హౌస్‌లపై అపోహలు - వాస్తవాలు

నార్త్ కరోలైనాలో పాత ఇళ్ల చరిత్ర వెతికిపెట్టడం నా పని. అమెరికా అంతర్యుద్ధానికి (1861-65) ముందు కట్టిన ఫార్మ్‌హౌస్ కొన్నవాళ్లు, మన తెలుగువాళ్లతో సహా, నాతో అనే మొదటి మాట ఇదే.

అపోహ: తెల్ల స్తంభాల బంగళాల్లోనే బానిసలు ఉండేవారు.

కాదు. 1860లో దక్షిణాది బానిస యజమానుల్లో దాదాపు సగం మంది దగ్గర ఉన్నది ఐదుగురి లోపే. అలాంటి యజమాని తరచూ ఉండేది నాలుగు గదుల చెక్క ఇంట్లోనే. బానిసలు పడుకున్నది విడిగా ఉండే వంటింటి అటక మీదో, పెరటి గుడిసెలోనో. అవి ఎప్పుడో కూలిపోయాయి, యజమాని ఇల్లు మిగిలింది. అందుకే ఈ భ్రమ. ప్రతి ఇంట్లోనూ ఉన్నారని నేను అనడం లేదు. చూడకుండా లేరనకండి అంటున్నాను.

1860 బానిసల జనగణన పట్టీలో యజమాని పేరు ఉంటుంది, బానిసలకు వయసు, లింగం, రంగు మాత్రమే. పేర్లు కావాలంటే వీలునామాలు, ఆస్తి పంపకాల జాబితాలు తిరగేయాలి. ఆ తర్వాత, విముక్తులైనవాళ్లను పేర్లతో రాసిన 1870 జనగణన.

ఒకాయన పెరట్లో స్విమ్మింగ్ పూల్ తవ్వించబోతూ పిలిచారు. చెట్ల కింద చెక్కడాలు లేని రాళ్లు వరుసగా పాతి ఉన్నాయి, పక్కన నేల కుంగింది. బానిసల సమాధులై ఉండొచ్చని పని ఆపించాను. పంపకాల జాబితాలో ఒక తల్లి, ఇద్దరు పిల్లల పేర్లు దొరికాయి, ఎదురుగా ధరలతో. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. మరో ఇంటికి నేను వెళ్లేసరికే అలాంటి చోటు చదును చేసేశారు. అనుమతి లేకుండా సమాధులు కదపడం ఇక్కడ నేరం, అంతకంటే, అక్కడ పాతిపెట్టినవాళ్ల వారసులకు మిగిలిన ఒక్క ఆనవాలూ పోయింది.

మిగతావి త్వరగా

నేషనల్ రిజిస్టర్‌లో (చారిత్రక కట్టడాల జాతీయ జాబితాలో) ఇల్లు చేరితే సొంత డబ్బుతో రంగు కూడా మార్చలేమంటారు. పుకారు. ఆంక్షలు పెట్టేది స్థానిక హిస్టారిక్ డిస్ట్రిక్ట్ (ఊరు చారిత్రకమని గుర్తించిన ప్రాంతం) నిబంధనలు. పాత మెత్తటి ఇటుక చిమ్నీకి సిమెంట్ పూయించకండి, ఇటుక పొరలుగా ఊడిపోతుంది. సున్నమే వాడాలి. గుండ్రటి తీగ మేకులు కనబడ్డాయని ఇల్లు కొత్తదనుకోకండి, తర్వాతి మరమ్మతులవి కావచ్చు.

"అలాంటి ఇంట్లో గృహప్రవేశం చేసుకోవచ్చా అక్కా?" అని భయంగా అడిగేవాళ్లుంటారు. ఆ టెన్షన్ నాకు అర్థమవుతుంది. చేసుకోండి. అలాంటి రాళ్లు ఉంటే ముందు వాటి చుట్టూ కంచె వేయించండి, వారసులు వస్తే గేటు తీయండి.